పడమటి మడి

నీల్లు అడగనీకి గింత దూరం నడిచొచ్చినవా మహేందర్? కూసో. ఆ గడప మీద కాదు, కాలుతది. లోపల కూసున్నా కాలుతదనుకో.

ఏందీ, నీ బోరు ఎండిందా? కోళ్ళు నోర్లు తెరుస్తున్నయా? షెడ్డు సుట్టు కట్టిన గోనెబస్తాలు తడపనీకి నా బోరు నుంచి పైపు కావాల్నా? నిన్నటిదాక విమలమ్మా అని పేరు వెట్టి పిలిచెటోనివి, ఇయ్యాల అవ్వనైన నీకు.

కుంట ఉన్నన్నాల్లు ఎవరి బోరన్న ఎండిందా? కామారెడ్డి నుంచి లారీలు తెచ్చి, మొరం పోసి, సాపు జేసి దాని మీద షెడ్డు ఏసింది ఎవరు? నీల్లు ఇంకే తావుల కోళ్ళను వెట్టి, ఇప్పుడు భూమిల నీల్లు లేవంటె ఎట్ల బిడ్డా?

ఎల్లారెడ్డి పశువుల అంగట్ల కొన్న నా బర్రె ఎండకాలమంత ఆ కుంటల మెడదాక మునిగుండేది. గాలి గూడ ఆ నీల్ల మీదికెల్లి సల్లగ ఇంట్లకొచ్చేది. నువ్వు కుంట పూడ్చినంక వచ్చిన ఎండకాలమే, బర్రె రొప్పి రొప్పి కొట్టంల పడి సచ్చింది. ఏడుసుకుంట నీ తానికొస్తె ఏమన్నవ్? ఎండను నేను పుట్టిచ్చిన్నా అన్నవ్. పక్కన నలుగురు నవ్విన్రు.

ఆ నవ్వు నేను మర్వలే.

ఇంకో మాట చెప్త, ఇను. నీ షెడ్డుకు పడమర దిక్కు నా మడి ఉన్నది గదా. పోయినేడుదాక యాసంగిల వరి ఏసిన, మడి నిండ నీల్లు వెట్టిన. ఎండకాలం గాలంత పడమటికెల్లే వస్తది. నా తడి మీదికెల్లి సల్లవడి నీ షెడ్ల జొరవడేది. నీ కాడ పనికున్న జైసింగే చెప్పిండు, కోళ్ళన్ని పడమటి ఇనుప జాలి కాడికే ఉరుకుతయని. గప్పుడు సమజైంది నాకు. నువ్వేమో ఫ్యాన్లతోని బతుకుతున్నయనుకున్నవ్.

ఈ ఏడు వరి ఎయ్యలే. నీల్లు లేక గాదు. ఇప్పుడు మోటరు ఏసినా నీల్లు దుంకుతయ్. దున్నిచ్చి, ఎండవెట్టి ఊకున్న. ముసల్దానికి సాతగాక మడిని బీడుగ పడావు వెట్టిందని ఊరోల్లు అనుకున్నరు. అనుకోనీ.

తలెందుకు వట్టుకుంటవ్? ఇగో, చెంబు నీకే తెచ్చిన. తాగెతందుకు ఇస్త. కోళ్ళకు మాత్రం ఇయ్య.

నీకేం మిగిలిందంటవా? ఏం మిగలలే. రేషన్ బియ్యం తింటున్న. వడగాలి నీ షెడ్డు కాడనే ఆగదు గదా, నా ఇంట్లకూ వస్తది. బీడీలు సుడదామంటె, తడిగుడ్డల సుట్టిన తునికాకు గూడ చేతులనే పెళుసుగ ఇరుగుతున్నది. ఒల్లంత చెమటకాయలు, కంటికి కునుకు లేదు.

పాపమా? ఉంటె ఉండనీ. పొద్దుగాల లేవంగనే నీ షెడ్డు దిక్కు మొకం వెట్టి నిలవడ్త. సచ్చిన కోళ్ళ వాసన వచ్చిననాడు ఒక ముద్ద ఎక్కువ తింటున్న.