అవునుకీ కాదుకీ మధ్య మా బావ గొంతు

ఆ టీవీ కాస్త తగ్గించమ్మా. తగ్గించు చాలు, కట్టెయ్యక్కర్లేదు. ఏంటి గొడవ, ఎన్నికల చట్టం మారుస్తారటనా? ఒకాయన ప్రజాస్వామ్యం చచ్చిపోయిందంటాడు, ఇంకొకాయన ఇప్పుడే పుట్టిందంటాడు, మధ్యలో ఆ అమ్మాయి ఇద్దరి నోళ్ళూ మూయించలేక చేతులు ఊపుతోంది. వీళ్ళదీ ఒక అరుపేనా? అరుపంటే మా బావది. మీ తాతయ్యదేనమ్మా, ఇంకెవరిది. నువ్వు పుట్టకముందే పోయాడు కాబట్టి నీకు ఫొటోలో మీసాలు తెలుసు గానీ గొంతు తెలీదు. కూరగాయల మార్కెట్లో తెల్లారగట్ల వేలం పాడేవాడు. టమాటా బుట్టల మీద నిలబడి ‘ఒకటోసారి’ అన్నాడంటే వీధి చివర టీ కొట్టువాడు స్టవ్వు వెలిగించేవాడు, వాడికి వేరే గడియారం లేదు. అలాంటి మనిషున్న ఊళ్ళో నేనేం వ్యాపారం పెట్టానో తెలుసా? మైకు సెట్లు అద్దెకివ్వడం. అదీ నా తెలివి. ఎవరి మీటింగుకి వెళ్ళి అడిగినా, ‘మీ బావని పిలుచుకుంటాంలే, మైకెందుకు, కరెంటు దండగ’ అనేవాళ్ళు. మా అక్క నవ్వేది. ‘ఆయన్నే అద్దెకివ్వరా, నాకూ కాస్త ప్రశాంతంగా ఉంటుంది’ అనేది.

ఆయనకి పార్టీ టికెట్టు ఇచ్చింది కూడా ఆ గొంతు చూసే. తెలివి చూసి ఇచ్చారనుకునేవు. తెలివి లేదని కాదు, ఉంది, దాంతో వాళ్ళకి పని లేదు. అసెంబ్లీలో ప్రతి బిల్లుకీ తలకాయలు లెక్కపెట్టరమ్మా. స్పీకరుగారు, ‘ఒప్పుకునేవాళ్ళు అవును అనండి’ అంటాడు, అటు వాళ్ళు అంటారు. ‘ఒప్పుకోనివాళ్ళు కాదు అనండి’ అంటాడు, ఇటు వాళ్ళు అంటారు. ఏది గట్టిగా వినపడితే అది నెగ్గినట్టు. మూజువాణి ఓటు అంటారు దాన్ని. నవ్వకు, నిజంగా అంతే. ఎవరైనా కాదుకూడదని పట్టుబడితేనే లెక్కపెట్టడం. మా బావ ఒక్కడూ ‘అవును’ అంటే పదిమంది అన్నట్టుండేది. లెక్కపెట్టమని అడగడానికి అవతలి వాళ్ళకే మొహమాటమేసేది. దాంతో ఏమైందంటే, ఈయన పార్టీ వాళ్ళకి బద్ధకం బలిసింది. ఓటింగు వేళకి ఒక్కొక్కడూ లేచి క్యాంటీనుకి పోయేవాడు. ‘ఆయనున్నాడుగా’ అనుకుంటూ టీ తాగేవాడు. వీళ్ళని గెలిపించింది టీ తాగడానికా అని నేనంటే, మా బావ, ‘పోనీలేరా, నా గొంతుకి టీ అవసరం లేదు, వాళ్ళకుంది’ అనేవాడు. గర్వం. ఉంటుంది మరి.

ఎక్కడున్నాను? ఆ, చట్టం. అప్పుడూ ఇలాగే ఒక ఎన్నికల చట్టం మార్పు వచ్చి పడింది. అప్పటిదాకా కళ్ళు కనపడనివాళ్ళూ చేతులు పని చెయ్యనివాళ్ళూ ఓటెయ్యడానికి తమకి నమ్మకమైన మనిషిని తోడు తీసుకెళ్ళొచ్చు. తెర వెనక్కి ఆ తోడు కూడా వెళ్ళి, చెప్పిన గుర్తు మీద ముద్ర వేసి రావాలి. మా బావ పార్టీ అప్పుడు గద్దె మీదుంది. వాళ్ళన్నారూ, ఈ తోడు పేరుతో దొంగ ఓట్లు పడుతున్నాయి, ఒక్కొక్కడు వీధిలో ముసలాళ్ళందరికీ తోడై వెళ్తున్నాడు, కాబట్టి ఇకమీదట తోడు లేదు, కనపడనివాళ్ళు ఏజెంట్ల ఎదురుగా అధికారికి చెప్తే ఆయనే వేస్తాడు అని. అవతలి వాళ్ళు, పేదవాడి ఓటు లాక్కుంటున్నారని బల్లలు గుద్దారు. తమాషా ఏంటో తెలుసా? అంతకుముందు సభలో వీళ్ళు అటూ వాళ్ళు ఇటూ కూర్చున్నప్పుడు సరిగ్గా ఇదే బిల్లు వాళ్ళు తెచ్చారు, వీళ్ళు బల్లలు గుద్దారు. కుర్చీలతో పాటు మాటలు కూడా మార్చుకున్నారు. దొంగ ఓట్లు లేవా అంటే, ఉన్నాయి, రెండు వైపులా ఉన్నాయి. నేను కళ్ళారా చూశాను. అది వేరే ముచ్చట.

ఇక్కడ మీ అమ్మమ్మ సంగతి చెప్పాలి. మా అక్కకి నడివయసులో చూపు మెల్లమెల్లగా పోయింది. పెద్దాసుపత్రిలో చూపించాం, కళ్ళద్దాలు మార్చాం, ఏమీ లాభం లేకపోయింది. ఇల్లంతా తడుముకోకుండా తిరిగేది, కూరలు తరిగేది, చిల్లర వేళ్ళతో చూసి లెక్క చెప్పేది. ఓటుకి మాత్రం తోడు కావాలి కదా. ఎవర్ని తీసుకెళ్ళేదనుకున్నావు? మొగుణ్ణి కాదు, నన్ను కాదు. ఎదురింటి దర్జీ ఆవిణ్ణి. ఎందుకే అంటే, ‘ఆవిడ నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, మాట బయటికి రాదు’ అంది. మొగుడే పోటీలో నిలబడితే కూడా దర్జీ ఆవిణ్ణే. మా బావ గుమ్మంలో నిలబడి, ‘ఎవరికేశావే?’ అని అడిగేవాడు. నెమ్మదిగానే అడిగాననుకునేవాడు పాపం, రెండు వీధుల అవతలికి వినపడేది. ఈవిడ, ‘వెయ్యాల్సినవాళ్ళకి వేశాను’ అని లోపలికి పోయేది. అంతే. ఊరంతటి ఓట్లూ లెక్కపెట్టి గెలిచాడన్నారు, దండలు వేశారు, ఈయన మాత్రం రాత్రి పక్కమీద కూర్చుని, ‘ఒరేయ్, మీ అక్క నాకు వేసిందంటావా?’ అంటాడు. నన్నడిగితే? ఆ ఒక్క ఓటు ఆయన గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. నిజం చెప్తున్నా, మంత్రి పదవి ఇస్తానన్నా అంత ఆశపడేవాడు కాదు.

ఇప్పుడర్థమైందా ఆ బిల్లు వస్తే ఏమవుతుందో? పార్టీ పెద్దాయన ఒకాయన పొద్దున్నే ఇంటికొచ్చాడు, అసెంబ్లీలో ఓటింగు ముందు రోజు. మా బావ గొంతు బాగుందో లేదో చూసుకుపోదామని, పందెం గుర్రాన్ని చూసినట్టు. వరండాలో కూర్చుని మా అక్కతో తియ్యగా మాట్లాడుతున్నాడు. ‘మీకేమీ ఇబ్బంది లేదమ్మా, ఆఫీసరుగారికి ఒక్క మాట చెప్తే చాలు. మోసం జరక్కుండా పక్కనే మన పార్టీ ఏజెంటు కూడా వింటాడు.’ మా అక్క బట్టలు మడతపెడుతోంది. ‘మన ఏజెంటు ఎవరండీ?’ అంది. ‘బట్టల కొట్టు అబ్బాయమ్మా, మనవాడే.’ ‘వాడా? వాడికి చెప్తే భోజనాల వేళకి బజారంతా తెలుస్తుంది.’ పెద్దాయన నవ్వాడు. ‘తెలిస్తే ఏమైందమ్మా, మీరు మీవారికే కదా వేస్తారు!’ అన్నాడు. ఈవిడ మడత ఆపింది. ‘ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి చెప్పనిది మీ బట్టల కొట్టువాడికి చెప్పాలా? అంతకంటే ఓటే వద్దు, ఇంట్లో కూర్చుంటాను’ అంది. గట్టిగా అనలేదు. మళ్ళీ బట్టలు మడతపెట్టుకుంది.

ఆయన వెళ్ళాక మా బావ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళాడు. మొహం వెలిగిపోతోంది. ‘ఒరేయ్, ఈ బిల్లు నెగ్గితే నాకు తెలిసిపోతుందిరా’ అన్నాడు. నేనన్నాను, ‘నీకు తెలియదు బావా. అక్క అసలు ఓటుకే వెళ్ళదు, విన్నావుగా.’ ‘కోపంలో అందిరా, వెళ్తుంది.’ ‘వెళ్ళదు. నీకంటే ముందునుంచీ నాకు తెలుసు మా అక్క.’ ఆయన పంపు తిప్పి మొహం కడుక్కున్నాడు, కట్టేశాడు, మళ్ళీ తిప్పి మళ్ళీ కడుక్కున్నాడు. ఆ రోజంతా మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, దర్జీ ఆవిడ వచ్చి, ‘అన్నయ్యకి ఒంట్లో బాగాలేదా?’ అనడిగింది.

మర్నాడు మా అక్క, ‘అసెంబ్లీకి నేనూ వస్తాను’ అంది. అసెంబ్లీలో పైన సందర్శకుల గ్యాలరీ ఉంటుంది, బెంచీలుంటాయి, మాట్లాడకూడదు, దగ్గినా బంట్రోతు కళ్ళెర్రజేస్తాడు. నేనూ ఆవిడా ముందు వరసలో కూర్చున్నాం. కింద ఒకటే గోల. లాయరుగారొకాయన దొంగ ఓట్ల గురించి కన్నీళ్ళు పెట్టుకున్నాడు, అవతలాయన కాగితాలు చింపి ఎగరేశాడు. మా అక్క, ‘ఆయన కనపడుతున్నాడా?’ అంది. కనపడుతున్నాడన్నాను. ‘ఏం చేస్తున్నాడు?’ ‘ఏమీ చెయ్యట్లేదు, బల్ల వైపు చూస్తున్నాడు.’ ఓటింగు వేళైంది, మామూలుగానే ఒక్కొక్కడూ జారుకున్నాడు క్యాంటీనుకి. స్పీకరు, ‘ఒప్పుకునేవాళ్ళు అవును అనండి’ అన్నాడు. అన్నారు. అన్నారు గానీ, ఏంటో, నీళ్ళు కలిపిన పాలలా ఉంది. మా అక్క నా చెయ్యి పట్టుకుంది. ‘ఆయన అనలేదురా’ అంది. అంతమంది అరిచిన అరుపులో లేని గొంతు పట్టుకుంది చూడు. అవతలివాళ్ళు ‘కాదు’ అన్నారు, అదీ సరిసమానంగానే ఉంది. స్పీకరు కూడా వీళ్ళ పార్టీ మనిషే కదా, కళ్ళద్దాలు సర్దుకుని, ‘సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి’ అన్నాడు. పెద్దాయన వెనక్కి తిరిగి మా బావని ఒక చూపు చూశాడు. మళ్ళీ ‘అవును’ అన్నారు. మళ్ళీ అంతే. అప్పుడు ‘ఒప్పుకోనివాళ్ళు’ అన్నాడు స్పీకరు. మాట పూర్తి కానేలేదు. మా బావ లేచి నిలబడి, ‘కాదు’ అన్నాడు.

తల్లీ, నేను జీవితమంతా మైకులతో బతికాను. అలాంటి శబ్దం నా పెట్టెల్లోంచి ఎప్పుడూ రాలేదు. కిటికీ అద్దాలు ఊగాయి. కాగితాలు చింపినాయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు, వాళ్ళ వైపు వాళ్ళు ‘కాదు’ అనడమే మర్చిపోయారు, ఇక అవసరం కూడా లేదనుకో. ఆ తర్వాత స్పీకరు ‘అవును నెగ్గింది’ అని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? తలలు లెక్కపెట్టండని అవతలివాళ్ళు పట్టుబట్టారు. గంట మోగించారు, తలుపులు వేసేశారు. క్యాంటీనువాళ్ళు పరిగెత్తుకొచ్చి బయట నిలబడి తలుపులు బాదుతున్నారు, చేతుల్లో టీ కప్పులింకా అలాగే ఉన్నాయి. లెక్కపెడితే ఏముంది, బిల్లు పోయింది. నేను మా అక్క వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను. లేదు, పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పటి మొహం పెట్టింది. ‘పిచ్చి మనిషి, రేపు గొంతు పట్టేస్తుంది. మిరియాలున్నాయో లేవో ఇంట్లో’ అంది.

పార్టీవాళ్ళు ఊరుకుంటారా? ‘పొరపాటున నోరు జారిందని చెప్పు, వదిలేస్తాం’ అన్నారు. ఈయన, ‘మార్కెట్లో ఇన్నేళ్ళు వేలం పాడాను, ఏ రోజూ నోరు జారలేదు. జారితే రైతు మునిగిపోతాడు’ అన్నాడు. అంతే, మళ్ళీ టికెట్టు ఇవ్వలేదు. చక్కగా మార్కెట్టుకే వెళ్ళాడు, టమాటా బుట్టలెక్కాడు. బాధపడ్డాడా అంటావా? పడ్డాడు. ఎందుకు పడడు? తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేయించి పెట్టెలో పెట్టించాడు, నెలకోసారి తీసి చూసుకునేవాడు. కానీ ఒక్కసారి కూడా ఆ ‘కాదు’ అన్నందుకు బాధపడలేదు, అది నేను ఎక్కడైనా చెప్తాను.

తర్వాతి ఎన్నికలొచ్చాయి. దర్జీ ఆవిడ కొత్త చీర కట్టుకుని గేటు దగ్గరికొచ్చింది తోడు వెళ్దామని. మా అక్క చెప్పులేసుకుంటూ, ‘ఇవాళ నువ్వొద్దులే వదినా, ఆయన్ని తీసుకెళ్తాను’ అంది. మా బావ సగం గెడ్డం గీసుకుని ఉన్నాడు. ఆ మిగతా సగం ఎప్పుడు గీశాడో, చొక్కా ఎప్పుడు తొడిగాడో తెలీదు, గేటు దగ్గరున్నాడు. ‘ఒకటే షరతు, అక్కడ నోరు తెరవకూడదు. నువ్వు గుసగుసలాడితే ఊరేగింపు కట్టినట్టుంటుంది’ అంది. బడిలో పోలింగు. తోడు వెళ్ళేవాడు లోపలి మాట బయట చెప్పనని ముందు సంతకం పెట్టాలి, పెట్టాడు. ఇద్దరూ అట్టముక్కల తెర వెనక్కి వెళ్ళారు. నేను వరసలో నిలబడి చూస్తున్నాను, తెర కింద నాలుగు పాదాలు కనపడుతున్నాయి. ముద్ర వెయ్యడానికి ఎంతసేపమ్మా? వీళ్ళెంతకీ రారు. ఆఫీసరు దగ్గాడు. ఆవిడ చెవిలో చెప్తూనే ఉంది, ఇవాళ్టిదొక్కటే కాదు, అన్నేళ్ళదీ చెప్పిందట, అక్కే తర్వాతెప్పుడో అంది. బయటికొచ్చాడు మా బావ. కళ్ళ నిండా నీళ్ళు. దారి పొడుగునా ఆవిడ చెయ్యి పట్టుకుని బజారు మధ్యలోంచి నడిచాడు, ఒక్కళ్ళనీ పలకరించలేదు. కూరగాయలవాళ్ళు కంగారుపడి నన్నడిగారు, ‘ఏమైంది, గొంతు పోయిందా?’ అని.

నేనడిగాను. అడగనా మరి. ‘చెప్పిందిరా’ అన్నాడు. ఏం చెప్పింది బావా? ‘చెప్పింది’ అన్నాడు, మెల్లగా. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని అప్పుడే తెలిసింది నాకు. అంతకంటే ఒక్క ముక్క రాలేదు, పోయేదాకా రాలేదు. ఊరంతా వినపడే మనిషి, తనకి వేసిందో వెయ్యలేదో, ఆ ఒక్కటి మాత్రం పట్టుకుపోయాడు. ఆయన పోయాక మా అక్కనీ అడిగాను. ‘అడిగినన్నాళ్ళూ చెప్పలేదు. నోరుండీ లాక్కోలేదు కాబట్టి చెప్పాను. ఆయనకి చెప్పాక ఇంకొకళ్ళకెందుకురా?’ అంది.

అవునూ, మొన్న నువ్వు కూడా మొదటిసారి ఓటేశావటగా. ఎవరికే? ఆగు, ఆగు, చెప్పకు. చెప్పొద్దంటున్నాగా. అలవాటుకొద్దీ అడిగాను. ఇలా చెయ్యందియ్యి, లేవాలి. మోకాలు పట్టేసింది.