ఎదురు తిరిగిన మెలి

దక్షిణ ఆస్ట్రేలియా, యార్క్ ద్వీపకల్పం. బార్లీ కోతలకు కొద్దిరోజుల ముందు, ట్రెలోర్ల రేకుల షెడ్డు. గింజల్ని ఎత్తైన గాదెలాంటి సైలోలోకి ఎత్తే మరగొట్టం, ఆగర్, తయారవుతోంది. చీల్చి ఒకదానికొకటి అతికిన ఇనప గాజుల దండను గొట్టానికి తొడిగి, ఒక కొసను బిగించి, రెండో కొసను గొలుసుతో ట్రాక్టరుకు కట్టారు. ట్రాక్టరు మీద డల్సీ. కింద ఆమె తమ్ముడు క్లెమ్.

“లాగు... లాగు... ఇంకొంచెం... ఆపు! ఆపక్కా! ఆపమన్నానా!”

“ఆపాను కదరా! ట్రాక్టరు చప్పుడు కంటే నీ చప్పుడే ఎక్కువగా ఉంది.”

“ఇంకో జానెడు లాగి ఉంటే అతుకులన్నీ పటపటా ఊడిపోయేవి. దిగు. దిగి చూడు. అబ్బ! ఎంత బాగా విచ్చుకుందో! పొద్దున గాజుల దండ, ఇప్పుడు చూడు, మేడమెట్లలా మెలి తిరిగి కూచుంది.”

“నేను వేసిన అతుకు ఒక్కటైనా ఊడిందా?”

“ఊడలేదు.”

“గట్టిగా చెప్పు.”

“ఊడలేదు తల్లీ, ఊడలేదు! ఈ ఏడు బార్లీ పరిగెత్తుకుంటూ పైకెక్కుతుంది. ఆ పాతదానిలాగా దగ్గీ, తుమ్మీ, సగం కింద పోసీ... ఆగు.”

“మాంసం కూరిన పేస్టీలు పొయ్యిలో పెట్టొచ్చాను. తెస్తానుండు.”

“ఆగక్కా. ఆ పాత స్క్రూని ఇలా దొర్లించు. దీని పక్కన పెట్టు.”

“తుప్పు పట్టినదానితో ఇప్పుడేం పని?”

“పెట్టు.”

“పెట్టాను.”

“అది ఎటు తిరిగింది?”

“ఏది?”

“పాతది.”

“అటు.”

“ఇది?”

“ఇది... ఇటు.”

“ఇటేమిటి? ఇటేమిటక్కా? రెండూ ఒకే వైపు తిరగాలి కదా! మన మోటారు తిరిగే తీరుకి ఇది గింజల్ని పైకెత్తదు, కిందికి తోస్తుంది. సైలోలో ఉన్నది కూడా కక్కించేస్తుంది!”

“అలాగా.”

“అలాగా ఏమిటి అలాగా! గాజులకి అతుకులు వేసిందెవరు?”

“నేనే. గొర్రెలకి నీళ్ళు పెట్టొస్తానని వెళ్ళి, తొట్టి పక్కన టోపీ మొహమ్మీద వేసుకుని గురకపెట్టావు చూడు, అప్పుడు.”

“గాజు చీలికలో ఏ పెదవిని పక్కదాని ఏ పెదవికి కలిపావు?”

“ఎడమది కుడికో, కుడిది ఎడమకో. పెదవులు కలిశాయా లేదా, అదీ చూసుకోవాల్సింది.”

“అది కాదు చూసుకోవాల్సింది! మెలి ఎటు పోవాలో అక్కడే తేలిపోతుంది. నాకు వెల్డింగు నేర్పినదానివి, నీకు తెలీదూ?”

“పోనీ తిరగేసి పెట్టు. ఈ కొస కిందికి, ఆ కొస పైకి.”

“తిరగేస్తే మెలి మారుతుందా! ఇదిగో బోల్టు. మర ఎటు పోతోంది?”

“అటు.”

“ఇప్పుడు తిరగేశాను. ఎటు పోతోంది?”

“అటే.”

“అటే! తలకిందులుగా తపస్సు చేసినా అటే!”

“సరేలే, అయిందేదో అయింది. అలాగే ఉండనీ.”

“ఉండనీ?”

“చూడ్డానికి బాగుంది కదా.”

“చూడ్డానికా? వాకిట్లో పాతి గులాబీ తీగ పాకిస్తావా? కోసి మళ్ళీ అతకాలి. ఆ గ్రైండరు ఇటివ్వు.”

“ఇవ్వను.”

“ఇటివ్వక్కా.”

“కొయ్యొద్దంటున్నానా! ఒక్క గాజు మీద చెయ్యి పడిందంటే నీకు ఈ పూట తిండి లేదు.”

“అక్కా.”

“ఏం?”

“నువ్వు పొరపాటు చెయ్యలేదు.”

“ఎండ తలకెక్కింది. పోయి నీడన కూచో.”

“కావాలనే ఎదురు మెలి వేశావు. ఎందుకు? ఈ చుట్టుపక్కల మోటార్లన్నీ ఒకే తీరున తిరుగుతాయి. ఎదురు తిరిగే ఇంజను ఒక్కటే ఉంది. చేపల పడవలోంచి ఊడదీసిన పాత డీజిలు ఇంజను. పడవకి రెండు ఇంజన్లుంటే ఒకటి అటూ ఒకటి ఇటూ తిరుగుతాయి. ఆ ఇటు తిరిగేదాన్ని ఎగబడి తెచ్చుకున్న బుద్ధిమంతుడు ఈ ఊళ్ళో ఒక్కడే.”

“ఆయనేం ఎగబడలేదు. వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నారు.”

“ఆయనా?”

“ఏం?”

“‘ఆయన’ అన్నావు. ‘తెచ్చుకున్నారు’ అన్నావు. ఎర్విన్ నోస్కేని! నిన్నటిదాకా ఈ ఇంట్లో వాడు ‘ఆ లూథరన్ దున్నపోతు’. ఎప్పట్నుంచి ‘ఆయన’ అయ్యాడు?”

“దున్నపోతని నువ్వన్నావు. నేను ఊఁ కొట్టానంతే.”

“ఎప్పట్నుంచి అని అడుగుతున్నా.”

“పేస్టీలు మాడిపోతాయి.”

“మాడనీ!”

“మొన్న చలికాలం నుంచి.”

“చలికాలంలో నువ్వు బుధవారం బుధవారం దుప్పట్లు కుట్టే సంఘానికి వెళ్ళేదానివి.”

“వెళ్ళాను.”

“ఆ సంఘంలో ఎంతమంది?”

“ఇద్దరం.”

“ఒక్క దుప్పటైనా కుట్టారా?”

“ఆయనకి సూదిలో దారం ఎక్కించడం రాదురా.”

“దేవుడా! ఈ ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు?”

“నేనేం వెతుక్కుంటూ వెళ్ళానా? వానల్లో నా బండి ఆయన గేటు ముందు బురదలో దిగబడింది. నీకు ఫోను చేస్తే ఎత్తలేదు, ఫుట్‌బాల్ చూస్తున్నావు. ఆయనే ట్రాక్టరు తెచ్చి లాగారు. ఒక్క మాట మాట్లాడలేదు. మన ట్రెలోర్లతో మాట్లాడితే నీకు కోపం వస్తుందని సైగలు చేస్తున్నారు. ముందుకు పోనీ అని ఇలా, ఆపు అని ఇలా. నాకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ బండిని మళ్ళీ బురదలోకే పోనిచ్చాను.”

“కావాలనేనా?”

“రెండోసారి మాత్రం కావాలనే.”

“వాడి గొంతు విన్నావా ఎప్పుడైనా? చర్చిలో పాట ఎత్తుకుంటే బయట గొర్రెలు కంచె దూకుతాయి.”

“పాడనని మాటిచ్చారు.”

“నాన్న చూస్తుండగా, ఊరంతా చూస్తుండగా, ఫుట్‌బాల్ ఫైనల్లో ఆఖరి నిమిషంలో నా మీద ఈల ఊదిన మనిషక్కా వాడు!”

“అంపైరు ఈల ఊదక బూర ఊదుతాడా?”

“ఫ్రీ కిక్ అవతలివాళ్ళకి ఇచ్చాడు! కప్పు పోయింది!”

“బంతి చేత పట్టుకుని పరిగెత్తావు సరే, నిన్ను పడగొట్టి పట్టుకున్నాక వదిలెయ్యాలి కదరా. నేను గీత దగ్గరే నుంచుని చూశాను. అంతసేపు దాన్ని కావలించుకుని ఏం చేశావు? దానికి పేరు పెడుతున్నావా?”

“నువ్వు కూడానా!”

“అప్పుడు బంతి వదల్లేదు. తర్వాత పగ వదల్లేదు. ఆయన ఎదురైతే రోడ్డు దాటి అటు పోతావు. అటేముంది? ఉప్పుగుంట. బూట్లు తడిసినా సరే, పంతం తడవకూడదు.”

“నేనీ ఇనుముని ముట్టుకోను. మెలిని గొట్టానికి పొడుగునా అతకాలంటే నీతో కలిపి ముగ్గురు కావాలి. నీకు నేను లేను. పిలుచుకో నీ ఆయన్ని.”

“నిజంగా పిలవనా?”

“పిలుచుకో!”

“ఎర్విన్! ఇదిగో, ఎర్విన్! రండి! పిలవమంటున్నాడు!”

“వాడు ఇక్కడున్నాడా?”

“జామాయిల్ చెట్టు కింద బండిలో కూచున్నారు. ఎక్కడ దాక్కుంటారు పాపం, అంత మనిషి.”

ఎర్విన్ నోస్కే టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర ఆగాడు.

“బాగున్నావా క్లెమ్?”

“అక్కా, ఇనుము పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు ఇనుము పట్టుకుంటే చాలని చెప్పు.”

“ఎర్విన్, ఇనుము పట్టుకుంటే చాలుట.”

“పట్టుకుంటానని చెప్పు డల్సీ.”

“పట్టుకుంటారుటరా.”

“అయితే నేను ఈ కొస పడతాను. నా షెడ్డులో నేను లేకుండా ఎవరూ ఏదీ అతకరు. ఆ దున్నపోతుని చేతులకి తొడుగులు వేసుకోమను.”

“ఎర్విన్, తొడుగులు వేసుకోమంటున్నాడు.”

“దానికి ముందన్న మాట కూడా వినపడింది డల్సీ. నాకు చెవుడు లేదు.”

“మీ ఇద్దరి మధ్య టపా మోయడం నా వల్ల కాదు. నేను ముసుగు వేసుకుని అతుకుతూ పోతాను. మీరు చెరో కొస పట్టుకుని మెల్లిగా తిప్పండి. అంతే. మెల్లిగా... ఇంకాస్త... క్లెమ్, నీ వైపు గొట్టం కింద పెట్టిన చెక్కదిమ్మ సరిగ్గా ఉందా?”

“ఉంది.”

“కదులుతోందిరా.”

“కదలడం లేదు.”

“కదులుతోంది క్లెమ్! జారుతోంది!”

“అక్కా, తప్పుకో! నోస్కే! వదలకు! వదలకు నోస్కే!”

“వదల్లేదు!”

“కింద నా కాలుంది!”

“చూశాను. వదలను. డల్సీ, ఆ దిమ్మ లోపలికి తొయ్యి. ఇంకా... ఇంకా లోపలికి... ఆఁ. క్లెమ్, కాలు లాక్కో.”

“లాక్కున్నాను.”

“పూర్తిగానా?”

“పూర్తిగానే. వేళ్ళన్నీ వచ్చాయి.”

“ఇప్పుడు దించనా?”

“దించు. మెల్లిగా. అబ్బ. బాగా పట్టావు.”

“అప్పుడు బంతి వదలమన్నందుకు మాట్లాడ్డం మానేశావు. ఇప్పుడు వదలొద్దని నువ్వే మొదలుపెట్టావు.”

“నవ్వకక్కా.”

“నేనెక్కడ నవ్వుతున్నాను? ముసుగులో చెమట.”

“ముసుగు ఊగుతోంది.”

“ఎర్విన్, మీరేమిటి అలా వంగిపోయి నుంచున్నారు?”

“ఏం లేదు. కాసేపు ఇలాగే బాగుంది.”

పొద్దు వాలేసరికి ఆఖరి అతుకు కూడా చల్లారింది.

“సూటిగా వచ్చింది. ఎక్కడా వంకర లేదు.”

“మీ అక్క పనితనం క్లెమ్.”

“ఆఁ. మా అక్కదే. ఇదిగో... ఎర్విన్.”

“చెప్పు.”

“మా అక్క టీలో పాలు పోసుకోదు. ఎవరైనా పోసి ఇస్తే తాగుతుంది, ఏమీ అనదు. కానీ సాయంత్రందాకా మాట్లాడదు.”

“తెలుసు. ఒకసారి పోశాను.”

“సముద్రం మీంచి గట్టి గాలి లేస్తే నిద్రపోదు. లేచి కూచుంటుంది. నువ్వు కూడా లేచి ఏదో ఒకటి వాగుతూ ఉండాలి. నేను గొర్రెలకొచ్చే రోగాల గురించి చెప్పేవాణ్ణి. అది విని నిద్రపోయేది.”

“క్లెమ్, ఇవన్నీ నాకు...”

“చెప్పనీ. చలికి కుడి మోకాలు పట్టేస్తుంది. నొప్పి అని చచ్చినా చెప్పదు. తలుపులు ధడాలున వేస్తుంది. తలుపు మోగిందంటే మోకాలనుకో. వేణ్ణీళ్ళ సీసా ఇవ్వు. అడిగి ఇవ్వకు, పక్కన పెట్టి వచ్చెయ్యి.”

“ఒరేయ్, నేనిక్కడే ఉన్నాను.”

“నీతో కాదు మాట్లాడేది. ఏముందిలే, వీళ్ళ పొలం మన కంచెకి అవతలేగా. ఎంత దూరం గనక! ఆదివారాలు వస్తూ పోతూ ఉండక్కా. నా గురించి ఏం బెంగ పెట్టుకోకు. నాకు గుడ్లు ఉడకబెట్టుకోవడం వచ్చు.”

“రాదు. మొన్న గిన్నె మాడింది.”

“నేర్చుకుంటాను. ఈ ఆగర్ నా పెళ్ళి కానుక అనుకోండి. తీసుకుపోండి. మా సైలోకి ఇంకోటి నేను చేసుకుంటాను, తిన్నగా తిరిగేది. ఏమిటలా చూస్తారు? మనస్ఫూర్తిగానే అంటున్నాను.”

“డల్సీ, నువ్వు వీడికి చెప్పలేదా?”

“చెబుదామనే. ముందు ఇనుము వంగితే ఆ తర్వాత వీణ్ణి వంచొచ్చని...”

“ఏం చెప్పలేదు? అక్కా? ఏం చెప్పలేదు?”

“క్లెమ్, పొలం మా చెల్లెలి కొడుక్కి అప్పగించేశాను. పెళ్ళాం పిల్లలతో నిన్ననే దిగిపోయాడు. ఇల్లంతా ఉయ్యాలలూ, మూతి తుడిచే గుడ్డలూ. నాకు బూట్లు విడిచే చోటు కూడా లేదక్కడ.”

“మరి మా అక్కని తీసికెళ్ళి ఎక్కడ పెడతావు?”

“నన్నెవడ్రా తీసికెళ్ళేది, నేను పుట్టిన ఇల్లు వదిలి! శనివారం పెళ్ళయితే అవుతుంది గానీ నేను గడప దాటేది లేదు. ఈ ఆగర్ని తిప్పబోయే ఆయన ఇంజనూ, ఆయన కుక్కా, ఆయన మంచమూ ఆ చెట్టు కింద ట్రైలర్ మీదే ఉన్నాయి, వెళ్ళి దింపు. మంచం నువ్వొక్కడివే మోయాలి మరి, ఇందాక నీ కాలు కాపాడబోయి మీ బావకి నడుం పట్టేసింది.”