వెచ్చని దీవికి రెండు టికెట్లు

మిర్యాలగూడ స్టేషన్‌లో హైదరాబాద్ రైలు కోసం కూర్చున్నాను. వెనక బెంచీ మీద అరవై దాటిన భార్యాభర్తల మాటలు వినపడగానే ఇయర్‌ఫోన్స్ తీసేశాను.

"మిల్లు అమ్మినం, వీసా వచ్చింది. ఇంకేం భయమే? ఆ దీవిల ట్యాక్స్ లేదు, చలి లేదు, ఏడాదంతా వెచ్చగ ఉంటది."

"వెచ్చదనం కోసం మిర్యాలగూడ నుంచి పోతరా ఎవరన్న?"

"నవ్వియ్యకు."

"నవ్వు కాదు. మొన్న మిల్లు నుంచి ఇంటికి ఎట్ల వచ్చిన్రో చెప్పున్రి."

"బండి మీద."

"బండి మిల్లులనే ఉంది. మీరు కాల్వ గట్టు మీద తిరుగుతుంటే హమాలీ యాకోబు చెయ్యి పట్టుకొని తోలుకొచ్చిండు. పోయిన నెల లారీ డ్రైవర్ దింపిపోయిండు. గీడ అందరికి మన ఇల్లు ఎరుకే. గాడ మీరు తప్పిపోతే ఎవర్ని అడగాలె? ఏ భాషల అడగాలె?"

"అందరికి ఎరుక గనకనే పోతున్ననే. వడ్లగింజ కొరికి తేమ ఎంతుందో చెప్పెటోన్ని. గసొంటోనికి హమాలీలు తొవ్వ సూపెడుతుంటే జనం సూడరా? గాడైతే నేనెవరో ఎవ్వరికి తెల్వదు."

"మీకే తెల్వని రోజొస్తే?"

రైలు వస్తోందని మైకులో చెప్పారు. ఇద్దరూ లేవలేదు.

"వీసా ఏజెంటుకు ఫోన్ చెయ్యి. మేం రామని చెప్పు."

"మీరే చెప్పున్రి, మీ దోస్తేనాయె."

"వాని పేరు యాదికొస్తలేదే."