సేఫ్ నంబరు చెప్పింది నేనే

నన్ను మద్దాలి శేషారత్నం అంటారు. యాభై ఏడేళ్ళు. మందుల కంపెనీ ల్యాబ్‌లో పరీక్షల పని. భర్త లేరు. తొమ్మిదేళ్ళుగా అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మా తమ్ముడు శ్యామ్‌సుందర్ ఇంట్లో ఉంటున్నాను. నవంబరు 6, గురువారం, పొద్దున పదింటికి డిటెక్టివ్ కోల్‌మన్ గారి ముందు ఇది చెబుతున్నాను. నాకు ఇంగ్లీషు వచ్చు. ఈ విషయం మాత్రం తెలుగులోనే చెప్పగలను. దుబాసీగా వచ్చిన నిధి అనే అమ్మాయి రాసుకుంటోంది.

తుపాకీ పిల్లాడి చేతికి అందేలా ఉంచాడని మా తమ్ముడి మీద కేసు. కొడుక్కి సేఫ్ నంబరు ఎలా తెలిసిందో తనకు తెలియదని వాడు మీకు చెప్పాడు. నంబరు చెప్పింది నేను. అది చెప్పడానికే వచ్చాను.

నిరుడు మార్చిలో మా కాలనీలో రెండు తెలుగు ఇళ్ళలో బంగారం పోయింది. శ్యామ్ స్నేహితుడు రాకేష్ ఇంటికొచ్చి, "అన్నా, పోలీసులొచ్చేసరికి పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు ఏం చేస్తావ్, వాళ్ళకి కాఫీ ఇస్తావా?" అన్నాడు. శ్యామ్ భార్య ఉష, పిల్లాడున్న ఇంట్లో తుపాకీ వద్దంది. వాళ్ళబ్బాయి ఈషాన్ మెట్ల మీద కూర్చుని, "నాన్నా, సీరియస్‌గా? కిండర్‌గార్టెన్ నుంచి మేం క్లాసు తలుపులేసుకుని దాక్కునే లాక్‌డౌన్ డ్రిల్ చేసేది దీని గురించే" అన్నాడు. శ్యామ్ నావైపు తిరిగి, "నువ్వు చెప్పక్కా" అన్నాడు. ఇంట్లో పెద్దదాన్ని. నేను వద్దంటే కొనేవాడు కాదు. దీపం పెట్టే వేళయిందని పూజ గదిలోకి వెళ్ళాను.

సేఫ్ కొన్నారు. పై అరలో బంగారం, కింది అరలో తుపాకీ. రెండు సేఫ్‌లు ఎందుకు, ఒకటి చాలు అన్నది నేనే. నాకు గుర్తుండాలని, పార్సిప్పనీ అనే ఊళ్ళో మేం మొదట ఉన్న అపార్ట్‌మెంట్ నంబరునే రెండుసార్లు కలిపి పెట్టాడు శ్యామ్. ఈషాన్‌కి చెప్పొద్దన్నాడు.

ఆగస్టు 8, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. పొద్దున ఏడూ పది. కలశానికి వేయడానికి కాసులపేరు కావాలి. ఉష తలస్నానం చేస్తోంది. శ్యామ్ ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. నేను పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేస్తున్నాను. ఈషాన్‌ని పిలిచాను.

"అత్తా, కోడ్ నాకు చెప్పద్దు కదా? నాన్న రూల్."

"నా చేతులు చూడరా."

"ఓకే, ఓకే. గోల్డ్ దొంగ వస్తున్నాడు!" అని నవ్వాడు.

నంబరు చెప్పాను. వాడు కాసులపేరు తెచ్చి నా పక్కన పీట మీద పెట్టి, సేఫ్ మూశాడు. కింది అర చూశాడా అని మీరు అడిగారు. చూసే ఉంటాడు. నా వీపు అటు ఉంది.

వాడికి పదిహేడేళ్ళు. హైస్కూల్లో ఉంటూనే కాలేజీలో రెండు క్లాసులు తీసుకున్నాడు. సెప్టెంబరు నుంచి వాడు మాతో కూర్చుని తినడం మానేశాడు. ప్లేటు పైకి తీసుకుపోయేవాడు. పెరుగన్నం వదిలేసేవాడు. నేను గమనించాను. వాడి పేరు చెప్పుకుని రోజూ నూట ఎనిమిది సార్లు జపం చేశాను. వాడిని మాత్రం ఏమైందని అడగలేదు.

అక్టోబరు 1, మహర్నవమి నాడు కార్లకి, ల్యాప్‌టాప్‌లకి, గ్రైండర్‌కి బొట్టు పెట్టాను. శ్యామ్ తుపాకీ తెచ్చి పెడితే దానికీ పెట్టాను. ఇది మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను.

అక్టోబరు 14, మంగళవారం. పదకొండున్నరకి ల్యాబ్‌లో ఉండగా ఉష ఫోన్ చేసింది. కాలేజీలో కాల్పులట, ఈషాన్ ఫోన్ ఎత్తడం లేదంది. వాడికేమీ కాకూడదని మొక్కుకున్నాను. మిగతా పిల్లల కోసం మొక్కుకోలేదు. ఆ మాట మీకు అక్కర్లేదేమో.

పన్నెండూ నలభైకి ఇంటికి చేరాను. సేఫ్ తలుపు మూసే ఉంది. శ్యామ్ తీశాడు. పై అరలో బంగారం అంతా ఉంది.

ముగ్గురు పిల్లలు పోయారు. నాలుగోవాడు, కాల్చినవాడు, ఈషాన్. ఆ ముగ్గురి పేర్లూ రోజూ దీపం దగ్గర తలుచుకుంటాను. ఇక్కడ పలకడానికి నాకు నోరు రాదు.

అక్టోబరు 26, ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళో సభ పెడితే వెళ్ళాను. ఒకాయన టీచర్లకీ తుపాకులివ్వాలన్నాడు. ఒకామె ఇళ్ళల్లో అసలు ఉండకూడదంది. రాకేష్ లేచి, చట్టం మార్చి ఏం లాభం, తాళం సరిగ్గా ఉంటే చాలు అన్నాడు. పోయిన ముగ్గురిలో ఒకమ్మాయి తల్లి లేచింది. "సరే. ఆ తాళం ఎవరు తీసిచ్చారు? నాకు అది చెప్పండి" అంది. నేను వెనక వరసలో ఉన్నాను. లేవలేదు.

ఇవాళ పొద్దున బయలుదేరుతుంటే శ్యామ్ వంటింట్లోకి వచ్చాడు. బెయిల్ మీద ఇంట్లోనే ఉంటున్నాడు. "అక్కా, వాడికి నంబరు చెప్పానని నువ్వు నాతో అన్నట్టు నాకు గుర్తులేదు. నీకూ గుర్తుండి ఉండదు" అన్నాడు. శ్యామ్‌ని ఎత్తుకుని పెంచినదాన్ని. వాడేం అడుగుతున్నాడో నాకు తెలిసింది. ఉష స్టవ్ ఆపి, "వదినా, మీకేం గుర్తుందో అదే చెప్పండి" అంది. శ్యామ్ ఉష మొహం చూడలేదు.

మీరూ అదే అడిగారు, నంబరు చెప్పిన సంగతి తమ్ముడికి చెప్పారా అని. నీళ్ళు తాగాను.

చెప్పాను. ఆగస్టు 8నే, సాయంత్రం ఏడున్నరకి, గరాజ్‌లో. శ్యామ్ కారుకి ఛార్జర్ తగిలిస్తున్నాడు.

"శ్యామూ, పొద్దున ఈషాన్ చేత సేఫ్ తీయించాను. నంబరు మార్చేయ్."

"మారిస్తే నీకు గుర్తుండదక్కా. నేను మీటింగ్‌లో ఉన్నా ఫోన్ చేస్తావ్. ఏం, వాడు నీ కాసులపేరు ఎత్తుకుపోతాడా?"

ఇద్దరం నవ్వాం. ఉండనీలే అన్నాను.

ఈ మాట మా తమ్ముణ్ణి కాపాడదని నాకు తెలుసు. నన్నూ కాపాడదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నిధి మొత్తం రెండుసార్లు చదివి వినిపించింది. చివర్లో "తమ్ముడు నవ్వాడు" అని ఉంది. కొట్టేయించి "ఇద్దరం నవ్వాం" అని రాయించాను. దిద్దిన చోట పొడి అక్షరాలు వేశాను. తక్కినదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే ఉంది.

(సంతకం)
మద్దాలి శేషారత్నం