హెడ్‌ఫోన్ల బీరువా తెరిచిన అనంతయ్య సార్

1974 జూలై 1వ తేదీన ఆత్మకూరులో గణితోపాధ్యాయులుగా ఉద్యోగ జీవితం ప్రారంభించిన శ్రీ అనంతయ్య గారు, ఈ 2009 జూన్ 30న కోయిలకుంట్ల దగ్గరి మా ఉన్నత పాఠశాల నుండి పదవీ విరమణ చేస్తున్నారు. ఉపాధ్యాయులు వెలువరిస్తున్న ఈ సంచికలో విద్యార్థుల తరఫున రాసే భాగ్యం నాకు దక్కింది.

నల్లమల అంచు పల్లెల్లో చాలాకాలం బోధించి, బదిలీపై మా ఊరికి వచ్చిన సార్, కంప్యూటర్ గది బాధ్యతను తామే కోరి స్వీకరించారు. వస్తువులంటే వారికి ప్రాణం. గంట కొట్టగానే హెడ్‌ఫోన్లన్నీ తీయించి, బీరువాలో పెట్టి తాళం వేసేవారు.

చూపులేని మా తరగతి కృపమణి పదో తరగతి పాఠాలన్నీ ఆ కంప్యూటర్ చదివి వినిపిస్తేనే నేర్చుకునేది. సరిగ్గా పరీక్షల ముందు కంప్యూటర్లు తెర నీలమై ఆగిపోసాగాయి. చూడవచ్చిన ఇంజనీరు, పిల్లలే చెడగొట్టారని, గది మూసేయమని చెప్పారు.

"మూసేది నిమిషం పనప్పా. ఆ పాప పాఠాలు యాడ వినాల?" అన్నారు సార్.

లెక్కలో తప్పు వెతికినట్లే ఒక్కొక్కటీ మార్చి చూద్దామని మమ్మల్ని కూర్చోబెట్టుకున్నారు. పాఠం ఆగాక హెడ్‌ఫోన్ తీస్తే ఏమీ కాలేదు. పాఠం వినబడుతుండగా లాగితే మాత్రం తెర నీలమైంది. గంట వినగానే, బీరువాలో పెట్టాలన్న తొందరలో మేం చేసేది అదే.

"నా తాళం దొంగను పట్టలేదు గానీ, దీన్ని పట్టిచ్చింది" అని సార్ నవ్వారు.

ఆ వివరాలన్నీ రాసి, కంప్యూటర్‌తో శబ్దం పలికించే ప్రోగ్రాం, అంటే ఆడియో డ్రైవర్, తయారుచేసిన సంస్థకు పంపారు. వాళ్ల జవాబు చదివి సార్ మాకు వివరించారు. హెడ్‌ఫోన్ సమాచారం ఎక్కడుందో చూపే చిరునామాను పాయింటర్ అంటారట. హెడ్‌ఫోన్ తీయగానే అది ఖాళీ అవుతుంది. దాన్నే నల్ అంటారు. ఖాళీయో కాదో చూసుకోకుండా డ్రైవర్ ఆ చిరునామాకే వెళ్లి, కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని కూల్చేస్తోంది. దురుద్దేశంతో ఎవరైనా ఇదే లోపంతో యంత్రాలను పడగొట్టవచ్చని సంస్థ ఒప్పుకొని, కృతజ్ఞతలతో సరిచేసిన డ్రైవర్ సీడీ పంపింది.

ఆ కొత్త డ్రైవర్ ఎక్కించిన రోజు పాఠం నడుమ సార్ స్వయంగా హెడ్‌ఫోన్ లాగారు. తెర చెక్కుచెదరలేదు. గదంతా చప్పట్లు మోగాయి. కృపమణి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. ఎవరికి కావలసినప్పుడు వాళ్లు వినేలా సార్ హెడ్‌ఫోన్లను బయటే ఉంచారు; బీరువాకు మళ్లీ తాళం పడలేదు.

సార్ ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని రాసి, కృపమణికి చదివి వినిపించాను. ఇంకొకటి చేర్చమంది.

"సారు చెవులు బాగుండాలని రాయే. మనం చెప్పేవన్నీ నూరేండ్లు వినాల గదా."

అలాగే రాస్తున్నాను.

– హిమబిందు