ఆర్విల్ బాబాయ్ ముక్కు

వెస్ట్ వర్జీనియా కొండల్లో, చర్చి వెనక వసారాలో తెల్లారినప్పటి నుంచీ ఊరివాళ్లు అడవి వెల్లుల్లి బాగుచేస్తున్నారు. సాయంత్రం విందుకి రెండొందల మంది వస్తారు. బంగాళాదుంపలూ పందిమాంసమూ వేసి వేయించాలి. అడవంతా గాలించి తొమ్మిది గోతాలు తవ్వుకొచ్చిన ఆర్విల్ కట్లిప్ మెట్టు మీద కూచుని గొప్పలు కొయ్యడం మొదలెట్టాడు. డెల్ఫా మాత్రం ప్రతి ఆకునీ వెలుగుకెత్తి చూస్తోంది. మూడేళ్ల కిందట ఆమె మొగుడు డెన్జిల్, ఇదే అనుకుని విషపాకు తిని పోయాడు.

"ఒక్కో ఆకుకీ పెళ్లిచూపులేంటమ్మాయ్?" అన్నాడు ఆర్విల్. "ముక్కుండగా కళ్లెందుకు? విషపాకుకి వాసనే ఉండదు. పోయినేడు మంచు పొగలో నా చెయ్యి నాకే కనపళ్లా, వాసన పట్టుకునే పోయి గంపెడు తవ్వా."

"బాగానే ఉంది," అన్నాడు పక్కనున్న కుర్రాడు లోనీ, కత్తితో వేర్లు కోస్తూ.

"అదేం గొప్పరా! ఆకంతా ఎండిపోయాక తెల్లగా పూస్తుంది చూడు, ఆ పువ్వు ఏటవతల కొండ మీద విచ్చుకుంటే ఇక్కడ మంచంలో పడుకుని రేకులెన్నో చెప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒహాయో పోదామని రైలెక్కానా, ఈ కొండ వాసన తగిలి నా ముక్కు వెనక్కి లాగింది, లాగేసరికి ఇంజనే ఆగిపోయింది, డ్రైవరు టోపీ తీసి అయ్యా మీ ముక్కు కాస్త అటు తిప్పండి అని బతిమాలాడు!"

"తిప్పావా?"

"తిప్పితే ఇంకేముంది, రైలు మొత్తం మనూరి స్టేషన్‌కొచ్చి ఆగింది!"

"మనూళ్లో స్టేషనెక్కడుంది బాబాయ్?"

"నాకోసం కట్టార్రా. దిగాక పీకేశారు."

అందరూ పగలబడి నవ్వారు. డెల్ఫా నవ్వలేదు.

"ఈ కొండల్లో పదిమందికి వాసన పట్టడం నేర్పిందీ నేనే," అన్నాడు ఆర్విల్, మీసం సవరించుకుని.

డెల్ఫా చెయ్యి ఆగింది. పక్కన విడిగా పెట్టుకున్న ఆకొకటి తీసింది. "కళ్లు మూసుకో బాబాయ్. ఇదేంటో చెప్పు."

ఆర్విల్ దాన్ని వేళ్లతో నలిపి దీర్ఘంగా వాసన పీల్చాడు. "అడవి వెల్లుల్లి! ప్రాణం మీద ఒట్టు."

"కళ్లు తెరు."

అరచేతిలో ఆకు నిండా చీర కుచ్చిళ్లలా నిలువు మడతలున్నాయి. అడవి వెల్లుల్లి ఆకు నున్నగా ఉంటుందని అక్కడ అందరికీ తెలుసు. లోనీ కత్తి కింద పెట్టేశాడు.

"నీ మూడో గోతంలో దొరికింది," అంది డెల్ఫా. "వాసన ఆకుది కాదు బాబాయ్. నిన్నంతా తవ్విన నీ వేళ్లది. డెన్జిల్ కూడా ఆరోజు పొద్దుగూకేదాకా తవ్వాడు, నువ్వు నేర్పినట్టే నలిపి వాసన చూశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆర్విల్‌ తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత లేచి, అప్పటికే కడిగిన ఆకుల తొట్టె ఎత్తి మొత్తం బల్ల మీద కుమ్మరించాడు.

"చూడ్డం నాకూ నేర్పమ్మా," అన్నాడు.

డెల్ఫా బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చింది.