గడ్డం జక్రయ్య కూతురు

ఇదిగో, ముందే చెప్తున్నా. సాయంత్రం నీ కూతురొచ్చి కొవ్వొత్తి వెలిగిస్తే ఇదెవరని అడగబాకు. షారోనే. నీ బిడ్డే. మొహం మారింది, అంతే.

అంతే అంటున్నాగానీ, అంతేనా? ఏందయ్యా అంతే?

కాస్త ఉండు, ఈ పిచ్చిమొక్కలు పీకనీ. పోయిన సమాధుల పండక్కి పీకినయ్యే, మళ్లీ లేచినయ్యి. ఊరంతా పత్తి తీతకి పోయింది. నన్నూ పిలిచారు. మా ఆయనకి సున్నం వెయ్యాలి, రానన్నా. పక్కన పుల్లమ్మత్త సమాధికి ఆమె కొడుకులు గులాబీ రంగు కొట్టిపోయారు. నీకు తెల్లసున్నమే. నీకదే ఇష్టం. ఇష్టమని నేననుకుంటున్నా. నిన్నటి నుంచీ నీ ఇష్టాలు నాకేం తెలుసులే అనిపిస్తోంది. చెప్తా, దానికే వస్తున్నా.

ఊళ్లో జక్రయ్యలు ఎంతమంది ఉన్నా నువ్వు గడ్డం జక్రయ్యవి. కొత్తగా వచ్చిన మేష్టారెవరో గడ్డం పెంచిన మనిషి కోసం ప్రత్తిపాడంతా వెతికాడంట, నువ్వేమో నున్నగా గీయించుకుని ఆయనకి ఎదురుగానే నిలబడున్నావు. కింది దవడ అంత ముందుకి, కిందిపళ్లు పైపళ్లని దాటి. చూసినోళ్లు మొండిమనిషి అనుకునేవాళ్లు. నీకు మొండితనం ఎక్కడిది, ఉన్నదంతా ఆ ఎముకలోనే.

అదే అచ్చు బిడ్డకి దిగింది. ఆస్పత్రిలో ఆయమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, తండ్రెవరో చెప్పక్కర్లేదమ్మా అంది. నాకెంత గర్వమనుకున్నావు.

నువ్వు పోయాక ఆ గర్వమే ఆసరా అయింది. నీ ఫొటో అంటూ ఉన్నది ఓటరు కార్డు మీదిదే, అందులో మొహమంతా మసి. అయితే నాకేం? చర్చిలో అది ముందు కూర్చుని తల కాస్త పక్కకి తిప్పిందంటే, నువ్వే.

పేటలో బళ్లో పాఠాలు చెప్తోంది గదా, చాన్నాళ్లుగా పళ్లకి తీగలు కట్టించుకుని తిరిగింది. పళ్ల సంగతే అనుకున్నా. వేసవి సెలవుల్లో నన్ను గుంటూరు తీసుకుపోయి డాక్టరు ముందు కూర్చోబెట్టింది. పళ్లు వరసకొచ్చినాయమ్మా, దవడే ముందుకుంది, ఎముకని రెండు పక్కలా కోసి వెనక్కి జరిపి చిన్న రేకులతో బిగిస్తాం అన్నాడాయన. చిన్నప్పుడు అన్నం తినకపోతే దవడ పగలగొడతానని దాన్ని బెదిరించేదాన్ని. ఏ తల్లి అనదు? ఆయన ఆ మాటనే మర్యాదగా చెప్తున్నాడు, ఇది తలూపుతోంది.

బయటికొచ్చాక అడిగా, అందం కోసమా అని. తినడానికమ్మా అంది. నేను నమ్మలా.

ఆపరేషనయ్యాక మొహం బూరెలా ఉబ్బిపోయింది. పైపళ్లకీ కిందిపళ్లకీ కలిపి రబ్బర్లు బిగించారు. పప్పుకట్టు, రాగిజావ వడగట్టి సిరంజితో పోసేదాన్ని. నా చేత కారం లేని వంట చేయించిన మనిషి అదొక్కతే. అప్పుడు కూడా నాకు ధైర్యంగానే ఉంది, తెలుసా? ఈ వాపు దిగితే నీ గడ్డం బయటికొచ్చిద్దనుకున్నా. ఎంత పిచ్చిదాన్నో చూడు. కోసి జరిపారని నా చెవులతో విని కూడా, వాపు కింద నువ్వున్నావనే అనుకున్నా.

వాపు దిగింది. నువ్వు లేవు. ఎవరో చక్కటి పిల్ల మంచమ్మీద కూర్చునుంది. ఆ పిల్ల అమ్మా అంటే పలికా, అన్నం పెట్టా, తల దువ్వా. మొహం వంక మాత్రం చూడలేకపోయా.

చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారిని పట్టుకుని అడిగా. పునరుత్థానం రోజున అందరూ లేస్తారు గదా అయ్యగారూ, మరి బిడ్డ మొహం మారిపోతే తండ్రి గుర్తుపడతాడా అని. నవ్వలేదు పాపం. అక్కడ అందరికీ కొత్త శరీరాలే కోటిరత్నమ్మా, నొప్పీ వంకరా ఏదీ మిగలదు, అన్నీ బాగైపోతాయి అన్నాడు. ఆయనంతటాయన అన్నాడుగా అని ఇంటికొచ్చా.

ఇక నిన్నటి సంగతి. పండగని సాయంత్రం వచ్చింది. అరుగు మీద కూర్చుని జామకాయని ముందుపళ్లతో కటుక్కున కొరికింది. మీ ఇద్దరికీ కాయలు ముక్కలు కోసిపెట్టేదాన్ని గదా. పక్కపళ్లతో నములుతా, నములుతా, ఇంటిల్లిపాదీ లేచాక కూడా కంచాల దగ్గరే ఉండేవాళ్లు. నాజూకు తిండని తిట్టేదాన్ని. నిన్న మాత్రం తల వంచుకుని చేటలో బియ్యం ఏరుకుంటున్నా.

"అమ్మా, నా వంక ఎందుకు చూడవు?" అంది.

నా నోరు ఊరుకోదుగా. "మీ నాన్నని కోయించుకొచ్చావు, ఏం చూడమంటావే?" అన్నా.

ఏడ్చిద్దనుకున్నా. ఏడవలా. కాయ పక్కన పెట్టి మెల్లగా చెప్పింది. నాన్నకీ నొప్పేనమ్మా, చెవి కింద, నాకున్నచోటే అంది. చేలో తువ్వాలు ఎండకి కాగబెట్టి చెంపకి అదుముకునేవాడివంట. దానికీ అట్టాగే కాపడం పెట్టేవాడివంట. దవడ పట్టేసిన రోజు తినలేక, గట్టు మీద కుక్కకి పెట్టేసి వచ్చేవాడివంట. నేనేమో ఖాళీ క్యారేజీ చూసి, కూర నచ్చిందని మురిసిపోయేదాన్ని.

మరి నాతో చెప్పలేదేమే అని అడిగా. అప్పుడు చెప్పింది, నువ్వు దానితో అన్న మాట. "మీ అమ్మ ఈ గడ్డం చూసే నన్ను చేసుకుంది. దానికి చెప్పబాకు."

ఏమయ్యా, నేను చూసిచూసి మురిసింది నీ నొప్పినా? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? మెత్తగా వండిపెట్టనా? గడ్డం చూసి చేసుకున్న మాట నిజమే, కాదన్నానా? కాపరం చేసింది గడ్డంతోనా, నీతోనా? కోపమొస్తోంది నీ మీద. ఈ యేడు నీకు ఒక్క పూతే. రెండో పూత వెయ్యను.

పొద్దున చూశాలే దాని మొహం. గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పి చూశా. అక్కడింకా తిమ్మిరిగానే ఉందంట, నా వేళ్లు సరిగ్గా తెలియట్లేదంది. నొప్పుందా అని అడిగా. నిన్ను ఒక్కసారీ అడగని మాట. లేదమ్మా అంది.

అదుగో, సాయంత్రం దాకా ఆగలేక బంతిపూల సంచితో వచ్చేస్తోంది. అది వచ్చేలోపు ఒక్క సంగతి చెప్పేస్తా. అయ్యగారు అన్నీ బాగైపోతాయన్నాడు చూడు, అది మన బిడ్డ గురించే అనుకున్నా. ఇందాక సున్నం వేస్తుంటే తట్టింది. అక్కడ నీ దవడ కూడా సరిచేసే ఉంటారుగా. కాయలు కొరుక్కుని తింటా ఉంటావుగా ఈపాటికి. ఉండు, మంచిదే. నీకు నొప్పి లేకపోతే అంతే చాలు.

కానీ అంతమందిలో నేను నిన్నెట్టా పోల్చుకునేదయ్యా? నా వల్ల కాదు. నువ్వే ముందు పలకరించు.